గడ్డి పొలంలో అడవి పందులు: రాత్రి కాపు వేసి కాల్చడం ఒక్కటేనా దారి? (ఉత్తర టెక్సాస్)

ఎండుగడ్డి_ఫానిన్

బోనమ్‌కి తూర్పున, ఫానిన్ కౌంటీలో మేం నలుగురు స్నేహితులం కలిసి 62 ఎకరాలు కొన్నాం. సగానికి పైగా బెర్ముడా గడ్డి. కోసి కట్టలు కట్టి అమ్ముతాం. మిగతా దాంట్లో పక్క రాంచ్ ఆయన ఆవులు మేస్తాయి. పన్ను తక్కువ పడాలంటే భూమి సాగులో ఉండాలి కదా, మాకు ఆ గడ్డే ఆధారం.

ఇప్పుడు బోడార్క్ క్రీక్ వైపు నుంచి అడవి పందులు దిగుతున్నాయి. ఒక్క రాత్రిలో మూడెకరాల గడ్డి తిరగేశాయి. నాగలి కట్టి అడ్డదిడ్డంగా దున్నినట్టుంది. గడ్డి కోసే అతను వచ్చి చూసి, ఈ గుంటల్లో మిషన్ దించితే బ్లేడ్లు విరుగుతాయి, చదును చేయించాక పిలవండి అని వెళ్లిపోయాడు. చదును చేయించిన వారానికి మళ్లీ అదే పని.

పక్క రాంచ్ ఆయనేమో థర్మల్ స్కోప్ (ఒంటి వేడిని బట్టి చీకట్లో చూపించే తుపాకీ దుర్బీను) కొనుక్కుని రాత్రి కూర్చుని కాల్చేయండి, లైసెన్స్ కూడా అక్కర్లేదు అంటున్నాడు. మాలో ఒకరు సిటిజన్, ఒకరికి గ్రీన్ కార్డు, ఇద్దరం హెచ్-1బీ. తుపాకీ అలవాటు ఎవరికీ లేదు. రాత్రి కాల్చడం నిజంగానే చట్టం ఒప్పుకుంటుందా? ఏ తుపాకీ, ఏ స్కోప్? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

థర్మల్_తాత

ఒప్పుకుంటుంది. టెక్సాస్‌లో అడవి పందికి సీజన్ లేదు, ఇన్నే కొట్టాలన్న లెక్క లేదు, రాత్రీ పగలూ తేడా లేదు. 2019 సెప్టెంబర్ 1 నుంచి ప్రైవేటు భూమిలో యజమాని అనుమతి ఉంటే హంటింగ్ లైసెన్స్ కూడా అడగరు. పబ్లిక్ ల్యాండ్ అయితే లెక్క వేరు, అక్కడ లైసెన్స్ కావాలి, ఆ స్థలం రూల్స్ పాటించాలి.

వీసా_వెంకట్

తాతగారు చెప్పింది టెక్సాస్ చట్టం వరకు సరే. కానీ ఇందులో ఇద్దరు హెచ్-1బీ అన్నారు, అక్కడ ఆగాలి. దయచేసి ఇది చదివాకే ఎవరైనా తుపాకీ ముట్టుకోండి.

ఫెడరల్ చట్టం ప్రకారం నాన్ ఇమిగ్రెంట్ (తాత్కాలిక) వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదు. హెచ్-1బీ, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1 అన్నీ ఇందులోకే వస్తాయి. దీనికి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. మనలాంటి వాళ్లకి పనికొచ్చేది ఒకటే: అమెరికాలో ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ చేతిలో ఉండటం.

అంటే పందికి లైసెన్స్ అక్కర్లేదని టెక్సాస్ అన్నా, మీ ఇద్దరికీ మాత్రం ఆ లైసెన్స్ ఉండి తీరాలి. అది పంది కోసం కాదు, మీ చేతిలో ఉన్న తుపాకీ కోసం. ఇది దొరికిపోతే జరిమానా కట్టి బయటపడే వ్యవహారం కాదు, ఫెడరల్ ఫెలనీ, అంటే పెద్ద నేరం. గ్రీన్ కార్డు ఆశ అక్కడితో సరి.

ఎండుగడ్డి_ఫానిన్

ఇంత సంగతి ఉందని మాకు అసలు తెలీదు. మరి ఫ్రెండ్ తుపాకీ ఒక్కసారి పట్టుకుని చూసినా అంతేనా? తుపాకీ వాడిది, పొలం మా అందరిదీ.

వీసా_వెంకట్

తుపాకీ ఎవరి పేరు మీదుందన్నది కాదు, ఎవరి చేతిలో ఉందన్నది చూస్తారు. రాత్రంతా ట్రక్కులో పక్క సీట్లో తూటాల పెట్టె మీ ఒళ్లో ఉన్నా ప్రశ్నే.

లైసెన్స్ తీసుకోవడం కష్టమేం కాదు. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాలి, అంటే మీరందరూ. ఒక విషయం గుర్తుపెట్టుకోండి. టెక్సాస్ వార్షిక లైసెన్స్ ఏ నెలలో కొన్నా ఆగస్టు 31తో అయిపోతుంది. సెప్టెంబర్ మొదటి తేదీన కొత్తది చేతిలో లేకపోతే మినహాయింపు కూడా లేనట్టే. డబ్బు ఖర్చయినా ఒకసారి ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడి రాతపూర్వకంగా సలహా తీసుకోండి, నా పోస్టు పట్టుకుని వెళ్లకండి.

ప్లేనో_ప్రసాద్

గ్రీన్ కార్డు వాళ్లకి?

వీసా_వెంకట్

వాళ్లకి ఈ నిషేధం వర్తించదు.

రాంచ్‌రోడ్_కిరణ్

ఈ ఒక్క పోస్టుని పైన పిన్ చేయాలి. మన వాళ్లు వీకెండ్‌కి షూటింగ్ రేంజ్‌కి వెళ్లి ఫోటోలు కూడా పెడుతుంటారు, వీసా ఏంటో చూసుకోరు.

బోను_భాస్కర్

లీగల్ సంగతి తేలింది కాబట్టి అసలు పనికొద్దాం. మాది హంట్ కౌంటీ, ఇలాంటి గడ్డి పొలమే. పక్కాయన చెప్పినట్టు మొదటి రోజునుంచే కాల్చడం మొదలుపెడితే జరిగేది ఇదీ. మందలో ఒకటో రెండో పడతాయి. మిగతావి చెల్లాచెదురవుతాయి. కొన్నాళ్లు కనపడవు, బెడద వదిలిందనుకుంటారు. నిజానికి అవి పక్క పొలంలో ఉంటాయి. తిరిగొచ్చేటప్పుడు ఇంకా జాగ్రత్తగా, తెల్లవారుజామున ఏ మూడింటికో, ట్రక్కు చప్పుడు వినపడితే చాలు మాయమయ్యేలా వస్తాయి.

ఆడపందులు పిల్లలతో కలిసి మందగా తిరుగుతాయి. పెద్ద మగపంది ఒంటరిగా తిరుగుతుంది. గడ్డి తిరగేసేది ఎక్కువగా ఆ మంద. ఆడపంది కడుపుతో ఉండేది సుమారు 115 రోజులు. ఈతకి సగటున నాలుగు నుంచి ఆరు పిల్లలు. ఆ పిల్లలు ఆరేడు నెలలకే ఈనే వయసుకొస్తాయి. ఏటా మూడింట రెండొంతులు తీసేస్తే గానీ సంఖ్య పెరగకుండా ఆగదని టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ ఎక్స్‌టెన్షన్ (రైతులకి సలహాలిచ్చే విభాగం) వాళ్లు చెబుతుంటారు. ఉద్యోగం చేసుకుంటూ శనివారం రాత్రి వచ్చి తుపాకీతో అన్ని తీయగలరా? ఆలోచించండి.

మందను మొత్తం ఒకేసారి పట్టాలి. పెద్ద గుండ్రటి కంచె బోను, ఫోన్‌కి బొమ్మలు పంపే సెల్ కెమెరా, ఫోన్ నుంచి పడేసే తలుపు. తలుపు తెరిచే ఉంచి రోజూ మొక్కజొన్న పోస్తూ, మంద మొత్తం లోపలికి వచ్చేదాకా ఓపిక పట్టండి. ఫ్రిస్కోలో ఇంట్లో పడుకుని ఫోన్‌లో చూసి తలుపు పడేయొచ్చు. మిగిలిపోయిన ఒకటీ అరా కోసం తుపాకీ.

థర్మల్_తాత

భాస్కర్ మాట సగం ఒప్పుకుంటాను. మందకి బోనే మేలు. కానీ ఓక్ చెట్ల గింజలు రాలే కాలంలో క్రీక్ వెంట తిండి కుప్పలుగా ఉంటుంది. అప్పుడు నీ మొక్కజొన్న వైపు ఏ పందీ చూడదు. మా దగ్గర అక్టోబర్, నవంబర్‌లలో బోను ఖాళీగా నిలబడుతుంది. ఆ రెండు నెలలూ గడ్డిని ఎవరు కాపాడాలి? పైగా ఒకసారి తలుపు పడగా చూసి తప్పించుకున్న ఆడపంది ఇక జన్మలో బోనులో కాలు పెట్టదు. దానికి తుపాకీ తప్ప మందు లేదు.

బోను_భాస్కర్

అందుకే కదా అన్నీ లోపలికొచ్చేదాకా తలుపు పడేయొద్దంటున్నాను. సగం మంద బయట ఉండగా ఆత్రపడి బటన్ నొక్కేవాళ్లే బోను తెలిసిన పందుల్ని తయారుచేస్తున్నారు. గింజల కాలం గురించి మాత్రం నువ్వన్నది నిజం. జనవరి నుంచి, తిండి దొరకని రోజుల్లో బోను బాగా పనిచేస్తుంది.

ఆస్టిన్_అరుణ

నేను రైతుని కాదు, నచ్చకపోతే పట్టించుకోకండి. చంపడమేనా, కంచె వేయించలేరా? జంతువు తన తిండి తను వెతుక్కుంటోంది. అక్కడికి మనమే కదా వెళ్లి కొనుక్కున్నది.

రాంచ్‌రోడ్_కిరణ్

అరుణగారూ, అడగాల్సిన ప్రశ్నే. కానీ ఈ పంది అక్కడి అడవి జంతువు కాదు. 1500ల్లో స్పెయిన్ వాళ్లు తెచ్చిన పెంపుడు పందులు, తర్వాత వలస వచ్చిన రైతులు వదిలేసినవి, 1930ల్లో వేట సరదా కోసం తెచ్చి వదిలిన యూరప్ అడవి పందులు, అన్నీ కలిసి తయారైన సంతతి ఇది. టెక్సాస్ 254 కౌంటీల్లో ఒక్క ఎల్ పాసో తప్ప అన్నిటా ఉన్నాయంటారు. నేల మీద గూడు పెట్టే పిట్టల గుడ్లు, తాబేలు గుడ్లు, అప్పుడే పుట్టిన జింక పిల్లలు, ఏది దొరికితే అది తింటాయి. క్రీక్‌లో పొర్లి నీళ్లు పాడుచేస్తాయి. అక్కడి అడవికి కూడా ఇది చేటే.

ఎండుగడ్డి_ఫానిన్

కంచె ధర అడిగాం అక్కా. మూడు వైపులా వేయొచ్చు. క్రీక్ దాటే చోట వరద వచ్చినప్పుడల్లా కొట్టుకుపోతుంది, అవి వచ్చేదే అక్కడినుంచి. ఇంటి దగ్గర కూరగాయల మడికి మాత్రం నేలకి దగ్గరగా రెండు వరసల ఎలక్ట్రిక్ ఫెన్స్ వేశాం. అది పనిచేస్తోంది.

ఆస్టిన్_అరుణ

సరే, అర్థమైంది. చంపక తప్పదంటే ఒక్క దెబ్బకి పోయేలా చేయండి. గాయపడి రాత్రంతా పొదల్లో పడి ఉండేలా వద్దు. నేను కోరేది అంతే.

థర్మల్_తాత

ఆ మాట కోసం ఈ పోస్టు రాస్తున్నాను. కాస్త పొడుగు, ఓపిగ్గా చదవండి.

ముందు చూడటానికి ఒక సాధనం, కాల్చడానికి ఒకటి. రెండూ ఒకటే కావడం ప్రమాదం. స్కోప్‌తో పొలమంతా వెతుకుతున్నారంటే తుపాకీ గొట్టంతో ఇళ్లనీ ఆవుల్నీ మనుషుల్నీ చూస్తున్నట్టే. అందుకని చేతిలో పట్టుకునే చిన్న థర్మల్ మోనోక్యులర్ (ఒంటికంటి దుర్బీను) ముందు కొనండి. దానితోనే పది పదిహేను రాత్రులు ఊరికే కూర్చుని చూడండి. దూడ నడక, జింక నడక, కయోటీ (నక్కలాంటి జంతువు) నడక, పంది నడక వేరువేరుగా కళ్లకి అలవాటవ్వాలి. పంది తల దించుకుని, ముట్టెతో నేలని తోస్తూ కదులుతుంది, ఒక్క క్షణం నిలకడగా ఉండదు. తోక ఆడుతూనే ఉంటుంది.

థర్మల్ వేడిని చూపిస్తుంది, వివరం చూపించదు. ముళ్లతీగ కంచె కనపడకపోవచ్చు. ట్రక్కు అద్దంలోంచి చూస్తే ఏమీ కనపడదు, అద్దం వేడిని రానివ్వదు. దూరంగా పడుకున్న నల్ల దూడ, పంది ఒకేలా తెల్లటి ముద్దలా ఉంటాయి. ఏదో తేలకపోతే కాల్చకూడదు, అంతే. జింకని రాత్రి కొట్టడం నేరం, పొరపాటున కొట్టాను అంటే గేమ్ వార్డెన్ (వేట చట్టాలు చూసే అధికారి) వదలడు.

గాలి చూసుకోండి. పంది చూపు మందం, ముక్కు మాత్రం చాలా చురుకు. గాలి మీ వీపు మీదనుంచి దానివైపు వీస్తుంటే ఆ రాత్రి ఇంటికెళ్లి పడుకోవడం మేలు. ట్రైపాడ్ వాడండి, చేతిమీద కాల్చకండి. చెవి కింద, మెడ మొదట్లో తగిలితే అక్కడికక్కడే పడిపోతుంది. పెద్ద మగపందికి భుజం మీద మందపాటి గట్టి చర్మం కవచంలా ఉంటుంది, కొత్తవాళ్లు అక్కడ కొట్టి గాయపరిచి వదిలేస్తారు. దూరం వంద గజాలు దాటితే వదిలేయండి, దగ్గరికొచ్చేదాకా ఆగండి.

తుపాకీ విషయంలో ఏఆర్-15 రైఫిల్ మీద చిన్న 223 తూటాతో కూడా పని అవుతుంది, కానీ సరైన చోట తగలాలి. కొత్తవాళ్లకి 6.5 గ్రెండెల్ గానీ 308 గానీ, ఈ పెద్ద తూటాలు కాస్త వెసులుబాటు ఇస్తాయి. ముందు పగలు రేంజ్‌లో శిక్షకుడి దగ్గర నేర్చుకోండి. చీకట్లో నేర్చుకునే విద్య కాదు ఇది.

రాంచ్‌రోడ్_కిరణ్

తాత చెప్పినదాంట్లో దూడ ముక్క నిజం. మా దగ్గర ఒక రాంచ్‌కి వీకెండ్ అతిథిగా వచ్చిన వాడొకడు చీకట్లో మూడు నెలల దూడని కొట్టాడు. ఆవు తెల్లారేదాకా అరుస్తూనే ఉంది. డబ్బు కట్టాడు, కానీ ఆ రాంచ్ ఓనర్ ఆ తర్వాత బయటివాళ్లని ఎవర్నీ గేటు దాటనివ్వలేదు.

వీసా_వెంకట్

62 ఎకరాలంటే రాత్రి తుపాకీకి పెద్ద స్థలం కాదు. మీ తూటా సరిహద్దు దాటి పక్క భూమిలోకి వెళితే, అక్కడి ఓనర్ రాతపూర్వక అనుమతి లేకుంటే టెక్సాస్‌లో అది నేరం. పంది వెనక మట్టి గట్టు ఉండాలి, లేదంటే ఎత్తు మీద కూర్చుని కిందికి కాల్చాలి. రోడ్డు మీదనుంచి గానీ రోడ్డు వైపు గానీ కుదరదు. వెళ్లే ముందు షెరీఫ్ ఆఫీసుకీ గేమ్ వార్డెన్‌కీ ఫోన్ చేసి చెప్పడం మంచి అలవాటు. లేదంటే పక్కవాళ్లు తుపాకీ మోత విని 911 కొడతారు, చీకట్లో పోలీసు వచ్చేసరికి మీరు తుపాకీలు పట్టుకుని నిలబడి ఉంటారు.

ప్లేనో_ప్రసాద్

పోలీసు వచ్చేసరికి నలుగురు దేశీలు, చీకట్లో, నల్ల బట్టల్లో. ఆ సీన్ వద్దు బాబోయ్. ముందే ఫోన్ చేసుకోండి.

మంచె_మల్లన్న

మాది ఆసిఫాబాద్ జిల్లా, ఈ గ్రూపులోకి మా అల్లుడు చేర్పించాడు. మీ మాటలు చదువుతుంటే మా చేను గుర్తొస్తోంది. మాకు మొక్కజొన్న కంకి పాలుపోసుకునే రోజుల్లో రాత్రంతా మంచె మీదే పడక. డప్పు కొడతాం, డబ్బాలు మోగిస్తాం, టపాకాయలు కాలుస్తాం. ఒక్క గంట కన్ను మూస్తే చాలు, చేను అడ్డంగా పడిపోయి ఉంటుంది. ఒకటి తింటుంది, పది విరుస్తుంది.

మా దగ్గర తుపాకీ మాట లేదు. 1972 వన్యప్రాణి చట్టం కింద అడవి పందిని అనుమతి లేకుండా చంపితే కేసు. ఇక్కడి పంది ఇక్కడి అడవిదే, పులికి తిండి. మాకూ దాని మీద కోపం లేదు, పంట పోతోందన్న బాధే. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు చెప్పారని కొందరు వేరుశనగ చుట్టూ నాలుగు వరసలు కుసుమ వేశారు. ముళ్లకి కొంత ఆగుతున్నాయి. ఇంకొందరు సెలూన్ నుంచి వెంట్రుకలు తెచ్చి గట్టు మీద చల్లుతారు, వాసన చూసేటప్పుడు ముక్కులోకి పోయి వెనక్కి తిరుగుతాయని. వాన పడితే మళ్లీ చల్లాలి.

గుంటూరు_గిరి

మల్లన్నగారూ, కరెంటు తీగల సంగతి కూడా చెప్పండి.

మంచె_మల్లన్న

చెప్పడానికి నోరు రాదు నాయనా. పంది కోసం చేను చుట్టూ తీగ లాగి లైన్ నుంచి కరెంటు ఇస్తారు. పక్క ఊళ్లో ఒకతను పొద్దున్నే మోటారు వేయడానికి వెళ్తూ పక్కవాడి తీగ తగిలి పోయాడు. ఇద్దరు ఆడపిల్లలు. తీగ పెట్టినతను జైలుకెళ్లాడు, ఆ ఇల్లూ వీధిన పడింది. చిరుతలు, పులులు కూడా ఇలాగే చచ్చాయి. దీన్ని ఎవరైనా ఉపాయం అంటే నేనొప్పుకోను.

ఎండుగడ్డి_ఫానిన్

పెద్దాయనా, మీరు రాసినందుకు చాలా సంతోషం. మాకు పోయేది గడ్డి, మీకు పోయేది ఏడాది తిండి. రెండూ ఒకటి కాదు, నాకు తెలుసు.

డల్లాస్_డాలీ

హెలికాప్టర్ నుంచి కూడా కాలుస్తారని విన్నాను, నిజమా?

బోను_భాస్కర్

నిజమే. 2011 నుంచి డబ్బు కట్టి హెలికాప్టర్ ఎక్కి కాల్చడానికి టెక్సాస్ అనుమతించింది. 2017లో హాట్ ఎయిర్ బెలూన్ నుంచి కూడా ఒప్పుకున్నారు. వేల ఎకరాల రాంచ్‌లకి, చెట్లు తక్కువ ఉన్న చోట అది పనికొస్తుంది. క్రీక్ వెంట అడవి, పక్కన ఇళ్లు ఉన్న మన 62 ఎకరాలకి కాదు.

ప్లేనో_ప్రసాద్

బెలూన్ ఎక్కి పందిని కొట్టడం ఎలా ఊహించారో గానీ, మా అబ్బాయికి చెబితే రేపే వెళ్దామంటాడు.

గుంటూరు_గిరి

విషం పెట్టి చంపే మందు వచ్చిందన్నారు కదా?

బోను_భాస్కర్

కేపుట్ అని వార్‌ఫరిన్ కలిపిన మేత. 2017లో టెక్సాస్‌లో తేబోతే పెద్ద గొడవై ఆగింది. 2024లో మళ్లీ అనుమతి వచ్చింది, కానీ లైసెన్స్ ఉన్న అప్లికేటర్ (మందు పెట్టే మనిషి) ద్వారానే. బరువు మూతలున్న ప్రత్యేక తొట్టి కావాలి, రకూన్లూ జింకలూ తినకుండా. తిన్న పంది కొవ్వు నీలంగా మారుతుంది, ఎవరూ వండుకోకుండా గుర్తు. ఆవులు మేసే పొలంలో నేనైతే దాని జోలికి పోను.

ఫ్రిస్కో_ఫణి

కొవ్వు అన్నారు కాబట్టి అడుగుతున్నా. ఇంత మాట్లాడారు, కూర సంగతి ఒక్కరూ ఎత్తలేదు. తినొచ్చా లేదా?

థర్మల్_తాత

చిన్నవి, ఆడవి బాగుంటాయి. పెద్ద మగది వాసన, ముట్టుకోకండి. వేసవిలో వెంటనే ఐస్‌లో పెట్టకపోతే గంటల్లో పాడవుతుంది.

డాక్టర్_సుధ

తినేవాళ్లు కోసే దగ్గరే జాగ్రత్త పడాలి. ఈ పందుల్లో బ్రూసెల్లోసిస్ అనే బాక్టీరియా జబ్బు ఉంటుంది. రక్తం, కడుపులోని అవయవాలు ముట్టుకున్నప్పుడు చేతి మీది చిన్న గీత నుంచైనా, కంటి నుంచైనా ఎక్కుతుంది. వారాల తరబడి వచ్చిపోయే జ్వరం, చెమట, కీళ్ల నొప్పులు. మామూలు ఫ్లూ అనుకుని నెలలు గడిపేస్తారు. డాక్టర్ దగ్గరికి వెళితే పందిని కోశానని ముందే చెప్పండి, లేదంటే ఆ టెస్టు ఎవరికీ తట్టదు.

రబ్బరు గ్లవ్స్, కళ్లజోడు తప్పనిసరి. మాంసం లోపల 160 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా ఉడకాలి, మధ్యలో ఎరుపు ఉండకూడదు. ట్రైకినెల్లా పురుగు కూడా ఉండొచ్చు. కుక్కలకి పచ్చి ముక్కలు వేయకండి. సూడోరేబీస్ అనే వైరస్ మనకి పెద్దగా హాని చేయదు గానీ కుక్కని చంపేస్తుంది.

ఫ్రిస్కో_ఫణి

మన ఇళ్లలో ముక్క ఉడకకుండా దింపే అలవాటే లేదు కాబట్టి ఆ 160 దాటిపోతుందిలెండి. గ్లవ్స్ మాట మాత్రం రాసుకున్నా.

డల్లాస్_డాలీ

బోనులో పడ్డవాటిని బతికుండగా ఎవరికైనా అమ్మేయొచ్చా? చంపే పని తప్పుతుంది.

వీసా_వెంకట్

ఇష్టం వచ్చినట్టు తరలించకూడదు. బతికున్న అడవి పందిని కదపడానికి టెక్సాస్ యానిమల్ హెల్త్ కమిషన్ రూల్స్ ఉన్నాయి. అనుమతి ఉన్న హోల్డింగ్ కేంద్రాలకో, నేరుగా కబేళాకో తీసుకెళ్లాలి. వేరే చోట వదిలేయడం మాత్రం నేరం. ఇన్ని కౌంటీలకి ఇవి పాకడానికి అలా ట్రైలర్లలో తెచ్చి వదిలినవాళ్లూ ఒక కారణమే.

రాంచ్‌రోడ్_కిరణ్

ఇంకొకటి. పందులు మనుషుల జోలికి రావనుకోకండి. 2019 నవంబర్‌లో హ్యూస్టన్ దగ్గర ఛాంబర్స్ కౌంటీలో ఒక ఇంట్లో వృద్ధుల్ని చూసుకునే ఆవిడ తెల్లవారక ముందే కారు దిగి నడుస్తుంటే పందులు దాడి చేసి చంపేశాయి. అలా జరగడం బాగా అరుదు. అయినా గాయపడ్డ పందిని వెతుక్కుంటూ చీకట్లో పొదల్లోకి దూరకండి. తెల్లారాక ఇద్దరు కలిసి వెళ్లండి.

ఎండుగడ్డి_ఫానిన్

అందరూ చెప్పింది మా నలుగురం కూర్చుని మాట్లాడుకున్నాం. హెచ్-1బీ వాళ్లం ఇద్దరం తుపాకీ జోలికి పోవడం లేదు, లైసెన్స్ తీసుకున్నా సరే. మాకు ఆ టెన్షన్ అక్కర్లేదు. సిటిజన్ ఫ్రెండ్, గ్రీన్ కార్డు ఫ్రెండ్ హంటర్ ఎడ్యుకేషన్‌లో చేరారు.

కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసులో అడిగితే అడవి జంతువుల నష్టం చూసే టెక్సాస్ వైల్డ్‌లైఫ్ సర్వీసెస్ నంబర్ ఇచ్చారు. వాళ్ల మనిషి ఒకతను వచ్చి క్రీక్ ఒడ్డున కాలి గుర్తులు చూసి, ఒక మంద, దానికి తోడు విడిగా ఒక పెద్ద మగపంది ఉన్నాయన్నాడు. కెమెరాలో కూడా అలాగే పడింది. ముందు బోను, గడ్డి మొదటి కోత అయ్యేలోపు. భాస్కర్ అన్నా, బోను ఎక్కడ పెట్టాలి? పొలం మధ్యలోనా, క్రీక్ దగ్గరా?

బోను_భాస్కర్

పొలం మధ్యలో వద్దు. క్రీక్ నుంచి అవి గడ్డిలోకి ఎక్కే దారి ఉంటుంది చూడు, కంచె కింద బురద పూసుకుని, తీగకి వెంట్రుకలు అంటుకుని. ఆ దారికి కొంచెం పక్కన, చెట్ల నీడలో పెట్టు. ఆవులు రాకుండా చుట్టూ తీగ కట్టు, లేదంటే నీ మొక్కజొన్న అంతా పక్కాయన ఆవులు తింటాయి. మొక్కజొన్నని నీళ్లలో నానబెట్టి పులియనివ్వు. ఆ వాసనకి పందులు వస్తాయి, జింకలు అంతగా రావు. కంచె ప్యానెళ్లు ఐదడుగుల ఎత్తుకి తగ్గకూడదు, మూలలు ఉండకూడదు. మూల ఉంటే ఒకదాని మీద ఒకటి ఎక్కి దూకేస్తాయి.

మొదటి వారం తలుపు బిగించకుండా ప్యానెళ్లు, మేత మాత్రమే పెట్టు. కెమెరాలో మందలో ఎన్నున్నాయో లెక్క తేలాక తలుపు కట్టు. అన్నీ లోపల కనపడ్డ రాత్రే బటన్ నొక్కు.

ఎండుగడ్డి_ఫానిన్

పట్టాక వాటిని తీసేసేది ఎవరు? మా ఇద్దరు ఫ్రెండ్స్‌కి అప్పటికి కోర్సు అవ్వకపోవచ్చు.

బోను_భాస్కర్

తలుపు పడిన తెల్లారే ఆ పని అయిపోవాలి, ఎండలో ఉంచితే వాటికి నరకం. వైల్డ్‌లైఫ్ సర్వీసెస్ అతన్ని ముందే అడిగి పెట్టుకో. కుదరకపోతే నాకు మెసేజ్ పెట్టు. గ్రీన్‌విల్ నుంచి బోనమ్ ఎంత దూరం, నేనే తుపాకీ తీసుకుని వస్తాను.

థర్మల్_తాత

ఆ పెద్ద మగపంది నాకు వదలండి. మీ బోను పని అయిన తర్వాత పొలం కాస్త నెమ్మదించాక, గాలి ఉత్తరం నుంచి ఉన్న రాత్రి చూసి చెప్పండి. దక్షిణం గట్టు మీద కూర్చుంటే పంది వెనక మట్టి దిబ్బ ఉందో లేదో పగలొకసారి వచ్చి చూసుకుంటాను.